ఫోటో కింద మొదటి మాట

(మన పాట, మన ముఖం – 7)

పురుషోత్తమ చౌదరి గురించి తెలుగులో ఎవరు రాసినా, ఏ పాస్టర్ గారు ప్రసంగంలో చెప్పినా మొదటి వాక్యం ఒకటే. "బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి..." ఆయనా, ఆయన భార్యా ఉన్న పాతకాలపు ఫోటో ఫోన్లోకి వచ్చినా కింద అదే రాత. ఆయన పాట సంగతి రెండో వాక్యంలో వస్తుంది. భార్య సంగతి "సతీసమేతంగా" అనే ఒక్క మాటలో తేలిపోతుంది. ఆమెకి ఒక పేరుంది, రాధామణి. అది రాసేవాళ్లు తక్కువ.

ఈ వారం వ్యాసం ఆ మొదటి వాక్యం మీద.

తెలియని కుర్రవాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టాడు. బెంగాల్ మూలాలున్న కుటుంబం. ఒరియా, తెలుగు, సంస్కృతం వచ్చినవాడు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత జీవితమంతా బోధకుడు. మన శ్రీకాకుళం వైపు తిరిగినవాడు. 1890లో చనిపోయాడు. కర్ణాటక సంగీతపు రాగతాళాల్లో, పల్లవీ చరణాలతో తెలుగు క్రైస్తవ కీర్తన అనే దాన్ని నిలబెట్టింది ఆయనే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం, పాట కింద రాసినవాడి పేరు ఉంటాయి. ఆ కింది వరసలో ఆయన పేరు ఎన్నిసార్లు వస్తుందో మీరే లెక్కపెట్టుకోండి.

"చౌదరి" అన్న మాట చూసి గుంటూరు, కృష్ణా వైపు కుర్రవాళ్లు కొందరు ఇంకో కులం అనుకుంటారు. వెంటనే ఎవరో ఒకరు సరిదిద్దుతారు. "కాదు కాదు, ఆయన బ్రాహ్మణుడు" అని. ఆ సరిదిద్దడంలో ఉండే హుషారు గమనించండి. మన క్రైస్తవుల్లో ఇన్ని తరాల తర్వాత కూడా ఆ హుషారు తగ్గలేదు.

నా గొడవ ఆయనతో కాదు. ఇది ముందే చెప్పాలి, లేకపోతే కామెంట్లలో "దైవజనుణ్ణి విమర్శిస్తావా" అని మొదలుపెడతారు. ఆయన ఆ కాలంలో చేసింది చిన్న పని కాదు. ఇల్లూ వాకిలీ, చుట్టాలు, పంక్తి భోజనం అన్నీ తెంచుకుని వచ్చాడు. పైగా "కులాచార పరీక్ష" అనే పుస్తకం రాశాడు. కులాచారాన్నే పరీక్షకు కూర్చోబెట్టాడన్న మాట. ఆయన వదిలేసి వచ్చినదాన్ని మనం వెనక్కి వెళ్లి ఏరుకొచ్చి, ఆయన ఫోటో కింద పెట్టి దండ వేస్తున్నాం. ఆయన్ని అవమానిస్తున్నది ఎవరు?

ఇప్పుడు రామతీర్థం సంగతికి వస్తాను. మన నెల్లిమర్ల మండలంలో ఉన్న ఊరే కాబట్టి మీకు వివరించక్కర్లేదు. 2020 డిసెంబరు చివర్లో బోడికొండ మీద కోదండరాముడి విగ్రహం తల నరికారు. అది నేరం. ఏ మతంవాళ్ల గుడినైనా, చర్చినైనా, మసీదునైనా అలా చేయడం నేరం. ఇందులో రెండో మాట లేదు. కానీ ఆ తర్వాత ఏం జరిగింది? పెద్ద పార్టీల నాయకులు కాన్వాయ్‌లు వేసుకుని కొండ దగ్గరికి వచ్చారు. నేరస్తుడు ఎవరో తేలకముందే మాట మతం మీదికి మళ్లింది. ముఖ్యమంత్రి మతం ఏంటి, హోంమంత్రి మతం ఏంటి, డీజీపీ మతం ఏంటి అని వేదికల మీద అడిగారు. ఆ ప్రశ్న అమరావతిలో ఆగలేదు. మా పేటల దాకా వచ్చింది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి నడిచి వెళ్లే ప్రతి ఆడమనిషి మీదా ఆ చూపు పడింది. "విదేశీ మతం" అన్న పాత మాట మళ్లీ కొత్తగా వినపడింది.

దానికి మనవాళ్లు ఇచ్చిన జవాబు చూడండి. "విదేశీ ఏంటండీ, మా కీర్తనలు రాసింది బ్రాహ్మణుడు. రాగాలు త్యాగరాజు వాడిన రాగాలే." ఇది జవాబు కాదు, జామీను. ఊళ్లో మీద నింద పడితే, పెద్దకులం ఆసామి వచ్చి "వీడు మంచోడే, నేను పూచీ" అంటేనే వదిలే రోజుల్లో మన తాతలు బతికారు. ఆ పూచీకత్తు అలవాటు నోట్లోంచి పోలేదు. అప్పట్లో ఆసామి దగ్గరికి పరిగెత్తాం. ఇప్పుడు 19వ శతాబ్దపు ఒక దంపతుల ఫోటో దగ్గరికి పరిగెత్తుతున్నాం.

ఆ రామతీర్థం కొండలనే అడగండి. గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. దుర్గకొండ గుహలో జైన విగ్రహాలున్నాయి. వెయ్యేళ్ల కిందటి తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలపు శాసనం ఉంది, ఒక జైన గురువు పేరుతో. ఆ తర్వాత అది రాముడి తీర్థం అయ్యింది. ఒకే ఊరి కొండల మీద మూడు మతాలు. ఏ మతాన్నీ "నువ్వు ఇక్కడిదానివేనా, కాగితం చూపించు" అని అక్కడ రాసిపెట్టలేదు. కాగితం అడుగుతున్నది మన దగ్గరే. ఎందుకు? మతం కోసం కాదు. ఆ మతంలో ఉన్నది ఎవరో వాళ్లకి తెలుసు కనక.

ఇక ఫోటో సంగతి చూద్దాం. 19వ శతాబ్దంలో ఇండియాలో మనుషులని రెండు రకాలుగా ఫోటో తీశారు. ఒకటి పేరున్న ఫోటో. జమీందారు, వకీలు, దొర, బోధకుడు. అతను కెమెరా ముందు కూర్చుంటాడు, కింద అతని పేరు ఉంటుంది. రెండోది కులమున్న ఫోటో. బ్రిటిష్ ప్రభుత్వం 1868 నుంచి 1875 దాకా "ద పీపుల్ ఆఫ్ ఇండియా" అని 8 సంపుటాలు వేసింది. మనుషులని కులాలుగా, తెగలుగా విడదీసి నమూనాలుగా అతికించిన పుస్తకం. తర్వాత మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారితో కలిసి 1909లో దక్షిణ భారత కులాల మీద 7 సంపుటాలు వేశాడు. మన వాళ్ల ముక్కులు కొలిచాడు, తలలు కొలిచాడు. ఇలాంటి పుస్తకాల్లో బొమ్మ కింద ఉండేది కులం పేరు. ఆ మనిషికి పేరుండేదా, పాట వచ్చా, పెళ్లాం పిల్లలున్నారా, ఎవరికీ పట్టలేదు.

ఇదీ తేడా. బ్రాహ్మణుడి ఫోటో కింద పేరు రాసి, దానికి కులాన్ని నగలా తగిలించారు. మన ఫోటో కింద పేరు తీసేసి కులాన్ని ముద్రలా గుద్దారు. "బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి" అని మీరు రాసిన ప్రతిసారీ మీకు తెలియకుండానే థర్‌స్టన్ పుస్తకంలో ఇంకో పేజీ చేరుస్తున్నారు.

"ఇవి పాత పుస్తకాలు అన్నా, ఇప్పుడు ఎవరు చూస్తారు" అంటారేమో. సరే, చట్టం చూద్దాం.

1850లో కంపెనీ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. పేరు కుల అశక్తతల తొలగింపు చట్టం. సారాంశం ఏంటంటే, మతం మారినందుకో కులం నుంచి వెలివేసినందుకో ఎవరికీ ఆస్తి హక్కు, వారసత్వ హక్కు పోకూడదు. మంచి చట్టమే. కానీ ఎవరికి పనికొస్తుంది? మతం మారేనాటికి తాత భూమి, తండ్రి ఇల్లు ఉన్నవాడికి. మన తాతకి పోవడానికి ఏముంది? మోకాలిలోతు బురదలో పాలేరుతనం తప్ప.

సరిగ్గా వందేళ్ల తర్వాత, 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు. అందులో మూడో పేరా ప్రకారం హిందూ మతం కాక వేరే మతం పాటించేవాడు షెడ్యూల్డ్ కులంవాడు కాదు. 1956లో సిక్కులని కలిపారు. 1990లో బౌద్ధులని కలిపారు. క్రైస్తవ, ముస్లిం దళితులు ఈరోజుకీ బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలని బీసీ-సీలో పెట్టి 1 శాతం ఇచ్చారు.

ఈ రెండు సంవత్సరాలూ పక్కపక్కన రాసుకోండి. ఆస్తి ఉన్నవాడు మతం మారితే హక్కు పోకూడదని 1850 చట్టం. ఏమీ లేనివాడు మతం మారితే హక్కు పోవాలని 1950 ఉత్తర్వు. ఒకటి తెల్లదొర చేసింది, ఒకటి మన సొంత రిపబ్లిక్ చేసింది.

1985లో సుప్రీంకోర్టు సూసై కేసులో తీర్పు చెప్పింది. మద్రాసులో చెప్పులు కుట్టుకునే మనిషి. ఎస్సీ చర్మకారులకి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే బంకు తనకీ ఇమ్మన్నాడు. క్రైస్తవుడివి కాబట్టి ఇవ్వమన్నారు. మతం మారాక కూడా కులం వల్ల వచ్చే బాధలు అంతే తీవ్రంగా ఉన్నాయని రుజువు చెయ్యాలంది కోర్టు. అంటే చెప్పులు కుడుతూ రోడ్డు పక్కన కూర్చున్న మనిషి, తన వీపు మీది కులాన్ని కొలిచి కాగితం మీద పెట్టాలి. పురుషోత్తమ చౌదరి బాప్తిస్మం తర్వాత కూడా బ్రాహ్మణుడే అని చెప్పడానికి మాత్రం ఎవరూ రుజువు అడగలేదు. 190 ఏళ్లు దాటింది, ఇంకా చెబుతూనే ఉన్నాం.

ఇదే నేను చెప్పదలచుకున్నది. బాప్తిస్మం నీళ్లలో బ్రాహ్మణుడి కులం తడవదు, కీర్తిగా మిగులుతుంది. అదే నీళ్లలో మన కులం కాగితం మీద కరిగిపోతుంది, ఊళ్లో మాత్రం అలాగే ఉంటుంది. ఒకే మతం, ఒకే పాట, ఒకే నీళ్లు. లెక్క మాత్రం రెండు రకాలు.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసేయమంది. 2022లో కేంద్రం మళ్లీ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసింది. సర్టిఫికెట్ మీద ఒక మతం, ఆదివారం ఇంకో మతంగా బతుకుతున్న విద్యార్థులు ఈ పోస్టు చదువుతున్నవాళ్లలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. మీరు చేస్తున్నది మోసం కాదు. మోసం ఆ మూడో పేరాలో ఉంది.

ఇప్పుడు ఇంకో జంట గురించి చెబుతాను. మన ఉత్తరాంధ్ర కాదు, ఒంగోలు వైపు. ఎర్రగుంట్ల పేరయ్య, భార్య నాగమ్మ. మాదిగలు. తోళ్ల వ్యాపారం మీద తిరుగుతూ సువార్త విన్నాడు పేరయ్య. 1866లో బాప్తిస్మం. వాళ్లిద్దరూ ఇంటింటికీ, పల్లెపల్లెకీ మోసిన మాట పన్నెండేళ్లలో ఎక్కడిదాకా వెళ్లిందంటే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "కరువులో గుప్పెడు బియ్యానికి మారారు" అని ఎత్తిపొడుస్తారు కదా. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని కరువు పని ఇచ్చిన మాట నిజం. ఆ పని నడిచినన్నాళ్లు అతను బాప్తిస్మాలు ఆపేశాడన్న మాట కూడా నిజం. కూలి డబ్బులు ఆగిపోయాకే జనం ఏట్లోకి దిగారు.

వాళ్లు మారినందుకు ఏం పోగొట్టుకున్నారు? చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నారు. ఆదివారం వెట్టికి రాం అన్నారు. ఊరి జాతరలో డప్పు కొట్టం అన్నారు. డప్పు కొట్టం అనడం ఆ రోజుల్లో సమ్మె. ఊరు పగబట్టింది. తరతరాలుగా మన చేతిలో ఉన్న వాద్యాన్ని, మనల్ని కట్టేసిన తాడు కూడా అదే కాబట్టి, కింద పెట్టేశారు. ఒక సంగీతకారుడికి ఇంతకన్నా పెద్ద త్యాగం ఏముంటుంది? బ్రాహ్మణుడు జంధ్యం వదిలితే త్యాగం అని ప్రసంగాలు చెబుతాం. మాదిగ డప్పు వదిలితే దానికి పేరే పెట్టలేదు.

ఆ ఖాళీ చేతుల్లోకి వచ్చింది కీర్తన. చదువు రానివాళ్లు చెవితో నేర్చుకున్నారు. ఉపాధ్యాయుడు ఒక చరణం అంటే పేట మొత్తం అనేది. పగలంతా ఊడ్పుల్లో నడుం విరిగిన ఆడవాళ్లు రాత్రి లాంతరు కింద పాడారు. పురుషోత్తమ చౌదరి రాసింది కాగితం మీద. ఆ కాగితం పాటగా బతికింది మాల, మాదిగ, రెల్లి పేటల గొంతుల్లో. పేటలే లేకపోతే ఆ కీర్తనలు ఈరోజు ఏదో లైబ్రరీలో చెదలు తినే తాళపత్రాలతో సమానం. పాట రాసినవాడికి ఎంత హక్కుందో, దాన్ని వందేళ్లకు పైగా గొంతులో మోసినవాళ్లకీ అంతే హక్కుంది.

గుర్రం జాషువాకి ఏమైంది? హిందూ పురాణ కథలు రాశాడని క్రైస్తవులు దూరం పెట్టారు. అంటరానివాడని సవర్ణులు దూరం పెట్టారు. ఇంత పెద్ద కవికి రెండు తలుపులూ మూసినవాళ్లం, బ్రాహ్మణ క్రైస్తవుడికి రెండు తలుపులూ తీసే ఉంచాం. చర్చిలో గౌరవం, బయట గౌరవం. దీన్ని ఏమంటారో మీరే చెప్పండి.

ఇలా కాకుండా జరిగిన చోటు ఒకటుంది. అమెరికాలో నాష్‌విల్‌లో నల్లవాళ్ల కోసం పెట్టిన ఫిస్క్ స్కూలు. డబ్బుల్లేక మూతపడే స్థితిలో 1871లో ఆ విద్యార్థులు పాటల బృందంగా బయల్దేరారు. ఫిస్క్ జూబిలీ సింగర్స్. ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్లే. వాళ్లు పాడింది తమ బానిసతాతల పాటలే, అరువు తెచ్చుకున్న గౌరవంతో కాదు. 1873లో ఇంగ్లండ్‌లో రాణి విక్టోరియా ముందు పాడారు. అక్కడే వాళ్ల పెద్ద చిత్రపటం గీశారు. మంచి బట్టలేసుకుని నిటారుగా నిలబడ్డారు. ఆ పటంలో ఉన్నది ఎవరెవరో ఈరోజుకీ పేరు పేరునా చెప్పొచ్చు. పాడి సంపాదించిన డబ్బుతో యూనివర్సిటీ భవనం కట్టుకున్నారు. ఫ్రెడరిక్ లౌడిన్ నడిపిన బృందం ప్రపంచయాత్రలో ఇండియాకీ వచ్చి తాజ్‌మహల్లో పాడింది. అప్పటికి పురుషోత్తమ చౌదరి ఇంకా బతికే ఉన్నాడు.

అదే 1873లో మహాత్మా ఫూలే "గులాంగిరి" వేశాడు. నల్లవాళ్ల బానిసత్వాన్ని రద్దు చేసినందుకు ఆ పుస్తకాన్ని అమెరికా ప్రజలకి అంకితం చేశాడు. శూద్ర, అతిశూద్రుల విముక్తికీ, అక్కడి బానిసల విముక్తికీ మధ్య దారం ఉందని ఆయనకి అప్పుడే అర్థమైంది. మనకి ఇంకా అర్థం కాకపోతే ఎలా? ఆ గాయకులు తమకి పూచీగా ఒక తెల్లవాణ్ణి ఫోటోలో నిలబెట్టుకోలేదు. తామే నిలబడ్డారు.

చివరిగా రాధామణి. మగవాడు మతం మారితే అతని కథ అవుతుంది, పుస్తకం అవుతుంది. భార్య అతని వెనక "వచ్చింది" అంటారు. అగ్రహారంలో పెరిగిన ఆడమనిషి పుట్టిల్లు, చుట్టాలు, వంటిల్లు దాటి రావడం ఒక్క మాటలో తేలిపోయే సంగతా? నాగమ్మదీ అదే కథ. పేటల్లో ఇల్లిల్లూ తిరిగి చదువు, పాట నేర్పిన బైబిలు స్త్రీలదీ అదే కథ. మిషన్ ఫోటోల్లో వాళ్లు రెండో వరసలో ఉంటారు, కింద సంఖ్య ఉంటుంది, పేరుండదు. బ్రాహ్మణ భార్యనైనా మాదిగ భార్యనైనా పేరు లేకుండా చెయ్యడంలో మాత్రం ఈ సమాజం సమానత్వం చూపించింది. దళిత ఉద్యమంలో ఉన్న మగవాళ్లు కూడా ఈ పేరా ఇంకోసారి చదవండి.

"ఇప్పుడు చర్చిలో కులం తేవడం ఎందుకు" అనే పెద్దలకి ఒక్కటే మాట. నేను తేలేదు. మీ మొదటి వాక్యంలోనే ఉంది. పెళ్లి సంబంధాల దగ్గర ఉంది, కమిటీ ఎన్నికల్లో ఉంది, కొన్నిచోట్ల సమాధుల దొడ్డిలో కూడా ఉంది. కీర్తి కోసం కులం చెప్పొచ్చు గానీ హక్కు కోసం చెప్పకూడదా?

విద్యార్థి మిత్రులారా, చెయ్యాల్సిన పని కష్టమైందేం కాదు. ఆ దంపతుల ఫోటో మీరు షేర్ చేస్తే కింద ఇలా రాయండి: "రాధామణి, పురుషోత్తమ చౌదరి. తెలుగు క్రైస్తవ కీర్తనకారుడు, కులాచార పరీక్ష రచయిత. ఈయన పాటలని బతికించింది దళిత పేటలు." అంతే చాలు. ఆయన వదిలేసింది ఆయన నెత్తిన మళ్లీ పెట్టొద్దు.

రెండో పని. మీ ఇంట్లో, మీ చర్చిలో పాత గ్రూపు ఫోటోలుంటాయి. అటక మీద, బైబిల్ మధ్యలో, ట్రంకుపెట్టెలో. అందులో హార్మోనియం పట్టుకున్నదెవరు, తాళాలు పట్టుకున్నదెవరు, చివర ముసుగేసుకుని నిలబడ్డ ముసలావిడ ఎవరు, ఇంకా బతికున్న పెద్దవాళ్లని అడిగి వెనకాల పెన్సిల్‌తో రాసిపెట్టండి. ఇంటిపేరుతో సహా, ఊరిపేరుతో సహా. అడగగలిగిన తరం రోజురోజుకీ తగ్గిపోతోంది. పేరు తెలియకపోతే "ఈమె పాడేది" అని రాయండి. కులం రాయాలనిపిస్తే రాయండి, పేరు తర్వాత రాయండి.

జై భీమ్.